గుసగుసల పిల్లతో బందరుకు

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం మేము ముగ్గురం బందరు వెళ్ళాం. ముగ్గురమంటే నేను, మా ఆయన, పదిహేనేళ్ళ మా అమ్మాయి. అక్కడ మా ఆయన అక్కగారి ఇల్లుంది. అడిగినవాళ్ళకల్లా సముద్రం చూడటానికని చెప్పాం గానీ, నాకు సముద్రంతో ఏం పని? మా పిల్ల గొంతు తిరిగొస్తుందేమోనన్న ఆశతో బయల్దేరాను.

గొంతుకు రోగమేమీ లేదు. అంతకు ముందు ఏడాది రజాకార్ల భయంతో సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ వెనక మా గల్లీ గల్లీయంతా గుసగుసల్లో బతికింది. సందె వాలకముందే తలుపులు బిగించుకునేవాళ్ళం. గోడలకు చెవులుంటాయని అన్నం వడ్డించేటప్పుడు కూడా సైగలే. మిలిటరీ వచ్చాక అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. మా ఆయన నోరైతే తన గుడ్డల దుకాణంలో బేరాలకు మించి తెరుచుకుంది. మా పిల్ల మాత్రం ఆ గుసగుసలోనే ఉండిపోయింది. బళ్ళో పంతులమ్మ పాఠం అప్పజెప్పమంటే పెదవులు కదిలేవి, మాట వినబడేది కాదు. డాక్టరు గొంతులోకి దీపం వేసి చూసి అంతా బాగానే ఉందన్నాడు. అంతకు ముందు ఇదే పిల్ల ఇంట్లో పాట ఎత్తుకుంటే నోరు మూయించలేక చచ్చేదాన్ని. ఆ గొంతు లేక ఇల్లు బావురుమనేది.

రైల్లో మా ఆయన ఒళ్ళో ఒక ఇత్తడి బిందె. సముద్రం పక్కనున్న ఊళ్ళో నీళ్ళన్నీ ఉప్పగా ఉంటాయని ఎవరో చెప్పారట. నిండు బిందె మూతికి గుడ్డ కట్టి, సికింద్రాబాద్ నుంచి బందరు దాకా చంటిపిల్లను మోసినట్టు మోసుకొచ్చాడు. సగం నీళ్ళు ఆయన పంచెకే సరిపోయాయి. ఈ బిందె మనుషులు తనకేమీ కారన్నట్టు పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సకినాలు ఇస్తే తల అడ్డంగా ఊపింది. జడ సరిచేయబోతే భుజం విదిలించుకుంది. ఆ వయసులో తల్లి చెయ్యి తగిలితే తేలు కుట్టినట్టే ఉంటుంది కాబోలు. అయినా నేను కునుకు తీస్తున్నాననుకుని సకినాలన్నీ తనే తినేసింది. కళ్ళు తెరవకుండానే ఆ కరకర చప్పుడు విని సంతోషపడ్డాను.

బందరులో వదినె ఆ బిందెను చూసి అలిగింది. మా కాలవ నీళ్ళు మీకు పనికిరావా అంది. మా ఆయన అక్కడికక్కడే రెండు చెంబుల నీళ్ళు గటగటా తాగి అక్కను మంచి చేసుకున్నాడు. ఆమె మేనకోడల్ని దగ్గరికి తీసుకుని ఏం చదువుతున్నావని అడిగింది. పిల్ల పెదవులు కదిపింది. వదినె అర్థంకాక నా వైపు చూస్తే, నేను చెప్పాను. ఏడాదిగా దాని నోరు నేనే.

సాయంత్రం బండి కట్టించుకుని నలుగురం సముద్రానికి వెళ్ళాం. మాకు తెలిసిన పెద్ద నీళ్ళంటే హుస్సేన్ సాగరే. అది బుద్ధిగా కట్టకు అవతల ఉంటుంది, మన జోలికి రాదు. ఇక్కడ బండి దిగకముందే చెవులు దిమ్మెక్కే హోరు. పిల్ల నా చెవి దగ్గరికొచ్చి ఏదో చెప్పింది. వినబడలేదు. మళ్ళీ చెప్పింది. చెవిని దాని నోటికి ఆనించినా గాలి మోతే తప్ప మాట లేదు. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని, లంగా అంచు ఎత్తిపట్టుకుని, ఒక్కతే ఒడ్డు వెంబడి నడిచిపోయింది. ఇంత దూరం తీసుకొచ్చి ఉన్న గుసగుసను కూడా పోగొట్టుకున్నామే అని నాకు ఏడుపొచ్చింది.

ఆ ఏడుపు మా ఆయన కంట పడకూడదని పక్కకు పోయి, తడి ఇసుకలో సముద్రానికి వీపు పెట్టి నిలబడి కొంగుతో ముఖం తుడుచుకున్నాను. చెరువుల దగ్గర పెరిగినదాన్ని. నీళ్ళు వెనకనుంచి వచ్చి మీద పడతాయని నాకేం తెలుసు?

"అమ్మా, ఎన్కకు సూడు! ఉర్కు!"

ఎవరి పిల్లో ఎవరి అమ్మనో పిలుస్తోందనుకున్నాను. అంతలోనే గుర్తుపట్టాను. గుర్తుపట్టి, ఉరకాల్సింది పోయి కదలకుండా నిలబడిపోయాను. అల నడుము మీద కొట్టి నన్ను కూలేసింది. నోట్లో, ముక్కులో ఇసుక. పిల్ల పరుగెత్తుకొచ్చి నా రెక్క పట్టి లేపింది.

"ఏందమ్మా నువ్వు? గింతగనం మొత్తుకుంటుంటే ఇనబడ్తలేదా? సముద్రానికి ఎవలన్న ఈపు వెట్టి నిలవడ్తరా?"

ఊపిరి తిప్పుకోకుండా తిడుతూనే ఉంది. చెప్పులు చేత పట్టుకుని మా వైపు పరుగెత్తుకొస్తున్న మా ఆయన మధ్యలోనే ఆగిపోయి, ఇసుకలో కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆయనకూ ఇన్నాళ్ళు ఇదే బెంగ అని నాకప్పుడు తెలిసింది. వదినె మాత్రం ముక్కుమీద వేలేసుకుంది.

"ఆడపిల్లకి అంత గొంతేవిటమ్మాయ్, నలుగురూ చూస్తున్నారు" అంది.

వదినె మాటకు నేను ఏనాడూ ఎదురు చెప్పినదాన్ని కాదు. "చూడనియ్యుండ్రి వదినె" అన్నాను. తర్వాత పిల్ల తడి చేతులు రెండూ పట్టుకున్నాను. ఈసారి విదిలించుకోలేదు.

"నాకు సరిగ్గ ఇనబడలే బిడ్డా, ఇంకోపారి తిట్టు" అన్నాను.

ఇంకా గట్టిగా తిట్టింది.