మేనమామ బుట్టకమ్మలు

మా అక్క కూతురి పెళ్లి కుదిరిందని ఫోన్ వచ్చినప్పుడు నేను లారీ పక్కన కూర్చుని జాకీ ఎక్కిస్తున్నాను. సారపాకలో నాది టైర్ల పంక్చర్ షాపు. పేపరు మిల్లుకు వెదురు, జామాయిలు కర్ర తెచ్చే లారీలతోనే మా బతుకుదెరువు.

"తమ్మీ, నువ్వూ మరదలూ ఐదొద్దుల ముందే రావాలె. పసుపు దంచేనాటికి ఇంట్ల ఉండాలె" అంది అక్క.

"అవ్ అక్కా, వస్తం" అన్నాను. అప్పటికి ఆ మాట నిజంగానే అన్నాను.

అక్కను కుసుమంచి దగ్గరి ఊళ్లో ఇచ్చారు. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. ఆమెకున్నది ఒక్కతే కూతురు, ఆ పిల్లకు మేనమామలం ఇద్దరం. పెద్దవాడు మా అన్న, ఖమ్మంలో ఎరువుల దుకాణం. పెళ్లికి నెల ముందే హారం కొని, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాడు. దాని కింద దండాలు, పూలు కుప్పలు పడ్డాయి. వాటి మధ్యలో ఎవరో అడిగారు, "చిన్నమామ ఏం పెడ్తుండు?" అని.

ఆ ప్రశ్న చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సరిగ్గా ఎక్కలేదు. బంగారం ధర అడగడానికే భయం వేసే రోజులివి. మా ఇళ్లల్లో మేనమామ చీర ఒక్కటి తెచ్చి ఊరుకుంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. అసలు పెళ్లికే పోకుండా, ఒంట్లో బాగాలేదని చెబుదామా అని కూడా ఆలోచించాను.

దారి చూపించింది నా భార్యే. ఒక రోజు బీరువా తీసి, తన బుట్టకమ్మల డబ్బా నా ముందు పెట్టింది. మా పెళ్లిలో అక్క ఆమెకు పెట్టినవి అవి. పత్తి అమ్మిన పైసలతో కొన్నానని అక్క అప్పట్లో అందరికీ చెప్పింది.

"ఇవి మెరుగు పెట్టించి ఇద్దాం. ఇంట్ల డబ్బాల ఉండేకంటే పిల్ల చెవులకుంటే మంచిది గదా" అంది.

"అక్క గుర్తుపడ్తది."

"పెండ్లి హడావుడిల ఎవరు చూస్తరు? నువ్వు నోరు మూసుకోని ఉండు, సాలు."

మరునాడు బ్రిడ్జి దాటి భద్రాచలం వెళ్లాం. అవుసలాయన వాటిని కడిగి, మెరుగు పెట్టి, ఎర్రటి కొత్త డబ్బాలో సర్ది ఇచ్చాడు. నిజంగానే కొత్తవాటిలా ఉన్నాయి. తిరిగొస్తూ నా భార్య బస్టాండు పక్క దుకాణంలో తనకు రోల్డుగోల్డువి కొనుక్కుని, అక్కడే అద్దంలో చూసుకుంటూ పెట్టుకుంది. "బాగున్నయా?" అని నన్నడిగింది. బాగున్నాయని చెప్పి, ముఖం చూడలేక పక్కకు తిరిగాను.

డబ్బా సిద్ధమైంది గానీ ఐదు రోజుల ముందు పోవడం కుదరలేదు. కర్ర లారీలు వరసగా వచ్చిన వారం అది. షాపు మూస్తే ఆ లారీలు ఇంకో షాపుకు అలవాటు పడతాయని నా భయం. ఈరోజు రేపు అంటూ చివరికి పెళ్లి ముందురోజు సాయంత్రానికి చేరాం.

అక్క మమ్మల్ని చూసింది. చూసి, చేతిలో ఉన్న మామిడాకుల తోరణం వైపు తిరిగింది. "వచ్చినోళ్లకు ఎవరన్న చాయ్ పొయ్యిండ్రి" అని గాలిలోకి చెప్పింది. బావ నా భుజం తట్టి, "రెండొద్దుల సంది గట్లనే ఉంది. పో, కాళ్లు కడుక్కో" అన్నాడు.

తెల్లారి ముహూర్తం. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకొచ్చే పని మేనమామలదే. అన్న ఒకవైపు, నేనొకవైపు పట్టాం. లేపగానే అన్న నడుము పట్టేసింది. ముఖానికి అడ్డంగా పెట్టుకున్న కొబ్బరిబోండం వెనక నుంచి పిల్ల గుసగుసగా, "మామా, కింద పడేస్తే మళ్లీ పెండ్లి చేసుకోను, చెప్తున్న" అంది. నవ్వాపుకుంటూ మోశాం.

తలంబ్రాలయ్యాక కానుకల వంతు వచ్చింది. మైకులో ముందు అన్న పేరు, హారం సంగతి చెప్పారు. తర్వాత మమ్మల్ని పిలిచారు. నా భార్య చీర, డబ్బా అక్క చేతుల్లో పెట్టింది. అక్క మూత తీసింది. అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత తలెత్తి నా భార్య చెవుల వైపు చూసింది.

పక్కనున్న పెద్దావిడ ఒకామె, "ఎంతల పడ్డయి?" అని అడిగింది.

"ఎంతలనన్న పడనీ. నా తమ్ముడు పెట్టిండు" అంటూ అక్క తానే వాటిని కూతురి చెవులకు పెట్టింది.

భోజనాల వేళ అక్క నా భార్య చెయ్యి పట్టుకుని లడ్డూల గంపలున్న గదిలోకి తీసుకుపోయింది. నేనూ వెనకే పోయాను.

"నీకు పెట్టినయి తెచ్చి నా పిల్లకే పెడ్తవా?" అంది.

నా భార్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "తప్పయింది వదినె. ఆయనది తప్పు లేదు, నేనే..."

"ఏడువకు. నేను నీకు పెట్టినప్పుడు అవి కొత్తయి అనుకున్నవా?"

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం.

"నా పెండ్లిల మా మేనమామ పెట్టినయి అవి. నీ పెండ్లప్పుడు పత్తి మొత్తం పురుగు తిన్నది. మీ బావకు సుత చెప్పలే. మెరుగు పెట్టించి తెచ్చిన. కొత్త డబ్బాకు అవుసలాయన తోటి కొట్లాడిన గూడ" అంది. చెబుతుండగానే ఆమెకు నవ్వొచ్చింది. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని, గంప మీదికి ఒరిగిపోయి నవ్వింది. అక్క పెళ్లినాటికి నేను చిన్నపిల్లాణ్ని. ఆమె చెవులకు ఏమున్నాయో నాకెలా గుర్తుంటుంది?

నవ్వు ఆగాక అక్క నా వైపు తిరిగింది. ముందురోజు నుంచి దాచిన కోపం అప్పుడు బయటపడింది.

"ఉత్త చేతులతోని వచ్చినా నేనేమనకపోదును తమ్మీ. పసుపు దంచుతుంటె ఎవరు గడపల అడుగుపెట్టినా నువ్వే అనుకోని చూసిన. ఐదొద్దులు చూసిన."

"ఇప్పుడుంట అక్కా, మూడొద్దులుంట" అన్నాను. షాపు సంగతి గుర్తొచ్చినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ సాయంత్రం అప్పగింతలయ్యాయి. కారు మలుపు తిరిగాక పందిట్లో కుర్చీలు ఎత్తేశారు. చుట్టాలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అన్నకు కూడా దుకాణం ఉంది, వెళ్లాడు. మరునాటికి ఆ ఇంట్లో మేం నలుగురమే మిగిలాం. అక్క అలవాటు కొద్దీ ఐదు కంచాలు తీసి, ఒకటి మళ్లీ బోర్లించింది. ముద్ద కలిపి అలాగే కూర్చుంది. నా భార్య ఆ ముద్ద తీసి ఆమె నోటికందించింది. అక్క చిన్నపిల్లలా నోరు తెరిచింది.

మూడు రోజులూ పెద్ద పనులేమీ చెయ్యలేదు. నేను బావ ట్రాక్టరు టైరు బాగుచేశాను. వాళ్లిద్దరూ మిగిలిన లడ్డూలు పొట్లాలు కట్టి వాడంతా పంచారు. నాలుగో రోజు పొద్దున అక్క నా భార్యకు ఒడిబియ్యం పోసింది. బావ మమ్మల్ని బస్సెక్కించాడు. సీట్లో కూర్చున్నాక ఫోన్ చూసుకుంటే లారీ డ్రైవర్ల మిస్డ్ కాల్స్ వరసగా ఉన్నాయి. ఖమ్మం దాటేదాకా ఎవరికీ తిరిగి చెయ్యలేదు.