పెరటి గోడకు అవతలి వైద్యురాలు

ఊరి పెద్ద ధనుంజయరావుగారి కుక్క వీధి అరుగు మీద పడుకునేది. ఒకప్పుడు దానికి గజ్జి పట్టి, బొచ్చంతా ఊడి, ఈగలు ముసిరి, దారిన పోయేవాళ్ళు ముక్కు మూసుకునే స్థితికి వచ్చింది. నెల రోజులపాటు కానుగనూనె రాసి, వేపాకు కాచిన నీళ్ళు పోసి దాన్ని మళ్ళీ అరుగెక్కించింది గ్రేసమ్మ. ఆ గ్రేసమ్మ మాత్రం అరుగుకు పదడుగుల ఇవతల ఎండలో నిలబడేది. కుక్క నీళ్ళు తాగడానికి ప్రత్యేకంగా ఒక మూకుడు ఉండేది. గ్రేసమ్మకు దాహం వేస్తే దోసిలి పట్టాలి, పైనుంచి ఎవరో ఒకరు ఎత్తి పోయాలి.

ఎందుకు ఊరుకుంటావని అడిగితే నవ్వేది. "కుక్క మీద నాకేం కోపం? పాపం, దానికి తెలవదు గదా నేనెవరో" అనేది. తెలిసినవాళ్ళ మాట ఎత్తేది కాదు.

బెల్లంకొండకు రెండు మైళ్ళ దూరంలో ఉంది ఆ ఊరు. ఊరికి దక్షిణంగా మాదిగపల్లె. గ్రేసమ్మ భర్త యోహాను చెప్పులు కుట్టేవాడు, మోటలకు తోలు కుట్టేవాడు. పెళ్ళికి ముందు గ్రేసమ్మ నరసరావుపేటలో ఒక దొరల బంగళాలో ఆరేళ్ళు అంట్లు తోమింది. ఆ బంగళాలో నాలుగు కుక్కలు, రెండు పిల్లులు. వాటికి జబ్బు చేస్తే దొరసాని పుస్తకం తెరిచేది, గ్రేసమ్మ వాటి కాళ్ళు పట్టుకునేది. "పుస్తకం ఆవిడ సదివింది. కుక్కను నేను సదివాను" అని గ్రేసమ్మ చెప్పుకునేది. ఈ ఒక్క విషయంలో ఆమెకు కాస్త గర్వం ఉండేదని ఒప్పుకోవాలి.

తాలూకాలో పశువుల డాక్టరు ఉన్నాడు గానీ, ఎద్దులకూ గేదెలకూ వచ్చే గాళ్ళూ దొమ్మల వంటి జబ్బులతోనే ఆయనకు ఊపిరి సలిపేది కాదు. కుక్కలూ పిల్లులూ గ్రేసమ్మ వంతు. ఆమెకు ఊళ్ళో ఉన్న బిరుదు "కుక్కల గ్రేసమ్మ". అవసరం వచ్చినప్పుడు మాత్రం "గ్రేసమ్మా, ఒకసారి రావే తల్లీ" అనేవాళ్ళు.

ఆమె పద్ధతి వేరు. జంతువును పట్టుకోకముందే మనిషిని పట్టుకునేది. ధనుంజయరావుగారింట్లో పాచిపని చేసే పిచ్చమ్మ ఒకసారి వీపు కాలి తోలు ఊడిన వీధికుక్కను చూపించింది.

"గంజి యాడ వారుస్తావు పిచ్చమ్మా?" అని గ్రేసమ్మ అడిగింది.

"పెరట్లో తూము కాడ."

"ఈ కుక్క యాడ పడుకుంటది?"

"తూము కాడే. గంజి కోసం కాసుకుని ఉంటది ముండ."

"మరి చూసి పోశావా?"

"బాగుందమ్మా! నేను గంజి చూసుకోనా, కుక్కను చూసుకోనా?"

"ఈసారి పోసే ముందు దాంతో ఒక మాట చెప్పు. 'లెగవే అమ్మాయ్, గంజి వస్తంది' అను. దానికి తెలుగొచ్చు."

ఇంకొకాయన గజ్జికుక్కకు కిరసనాయిలు పట్టిస్తుంటే ఆమె ఆయన చేయి పట్టుకున్నంత పని చేసింది. పట్టుకోలేదు, ముట్టుకుంటే ఆయన స్నానం చేయాలి కదా. దూరం నుంచే కేకేసింది. "దీపానికి చుక్క దొరక్క జనం చీకట్లో కూసుంటన్నారు, తమరు కుక్కకు పోస్తన్నారా అయ్యా? అది ఒళ్ళు నాక్కుంటది గదా, కడుపులోకి పోదా?" పొయ్యిలో వెచ్చని బూడిద మీద పిల్లి పడుకుంటుందని, పొద్దున్నే పుల్లలు పెట్టే ముందు పొయ్యిగడ్డ మీద రెండు దెబ్బలు కొట్టమని ఆమె చెప్పని ఇల్లాలు లేదు. పిల్లి నోట్లోంచి దారం వేలాడుతుంటే లాగవద్దనీ, అవతలి కొసన సూది ఉండవచ్చుననీ చెప్పేది. ఇవన్నీ పెరటి గోడకు అవతల నిలబడే చెప్పేది. లోపల ఏం జరిగిందో ఆమె కళ్ళతో చూసిన ఇల్లు ఆ ఊళ్ళో ఒక్కటీ లేదు. వైద్యమంతా అడిగి తెలుసుకోవడమే.

యుద్ధం జరుగుతున్న నలభై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో ఆ పద్ధతికి పెద్ద చిక్కు వచ్చిపడింది.

ధనుంజయరావుగారి అక్క సీతారావమ్మ. ఇరవయ్యేళ్ళ కిందట భర్త పోయి తమ్ముడింటికి వచ్చింది. ఆ ఇంట్లో వంట ఆమెది, వడ్డన ఆమెది. నాది అని చెప్పుకోవడానికి మాత్రం ఒక పిల్లి ఉండేది. నుదుట నల్లమచ్చ ఉన్న తెల్లపిల్లి. పేరు బొట్టమ్మ. ఆ వేసవిలో బొట్టమ్మ తిన్నదంతా కక్కడం మొదలుపెట్టింది. నోట్లోంచి చొంగ, కడుపు ముట్టుకుంటే అరుపు. పది రోజుల్లో ఎముకలు లెక్కపెట్టవచ్చు.

"ఇల్లంతా కంపు చేస్తంది. వారం రోజులు చూస్తాను. తగ్గకపోతే గోనెలో కట్టి కృష్ణ అవతల వదిలించి వస్తాను" అన్నాడు ధనుంజయరావు. ఆ నీరసంలో వదిలితే అది ఒక పూట కూడా బతకదని సీతారావమ్మకు తెలుసు. పిచ్చమ్మను పల్లెకు పరుగెత్తించింది.

యోహాను వెళ్ళవద్దన్నాడు. "పక్కూళ్ళో గేదె చస్తే మనోళ్ళు మందు పెట్టారని చెట్టుకు కట్టి కొట్టలా? ఇప్పుడు ఆ పిల్లి నీ చేతుల్లో చస్తే? ఎవరి మీదకొస్తది?"

"నేను పోకపోతే అది ఖాయంగా చస్తది. పోతే బతకొచ్చు."

"పిల్లి బతుకుతది. నీ సంగతి అడుగుతన్నానే."

"నా సంగతి దాన్నిబట్టే ఉంది గదా" అని ఆమె కొంగు దోపుకుంది.

సీతారావమ్మ బుట్టలో పిల్లిని తెచ్చి గోడ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసింది. గ్రేసమ్మ తీసుకుని చిగుళ్ళు చూసింది, పొట్ట నొక్కింది, బుట్ట అడుగున కక్కినదాన్ని వాసన చూసింది. అది ఆకుపచ్చగా ఉంది.

"గడ్డి తిన్నదా అమ్మా?"

"కాలు బయట పెట్టి నాలుగు రోజులైంది. ఏం గడ్డి తింటుంది?"

"ఏం పెడతన్నారు?"

"మజ్జిగన్నం. మేము తినేదే."

"అది తినే చోటు ఒక్కసారి చూడాలమ్మా."

"వంటింట్లోకా? వంటింట్లో నీకేం పనే?"

"నాకేం పన్లేదమ్మా. జబ్బుకు పనుంది."

సీతారావమ్మ తల అడ్డంగా ఊపింది. చివరికి గ్రేసమ్మ పిల్లిని తన గుడిసెకు తీసుకువెళ్ళింది. పల్లెలో మూడు రోజులు బొట్టమ్మ మట్టిమూకుట్లో తిన్నది. మొదటి రోజు గుడ్డులో తెల్లసొన చెంచాతో పోశారు, రెండో రోజు పల్చటి గంజి, మూడో రోజు ఎండుచేప తల. సీతారావమ్మ పెంపకంలో శాకాహారిగా బతికిన పిల్లి ఆ తల కోసం యోహాను వెంట గుడిసె చుట్టూ తిరిగిందట. కక్కడం ఆగిపోయింది.

నాలుగో రోజు దాన్ని గోడ మీద దింపారు. అప్పుడు ఒక ధర్మసందేహం వచ్చింది. పల్లెలో తిని, పల్లెలో పడుకున్న పిల్లిని వంటింట్లోకి రానివ్వవచ్చునా? సీతారావమ్మ బాగా ఆలోచించి దాని మీద పసుపునీళ్ళు చల్లింది. బొట్టమ్మకు తడి గిట్టలేదు. ఒళ్ళంతా నాలుకతో నాక్కుని, పసుపుతోబాటు పల్లె దుమ్మును కూడా శుభ్రంగా కడుపులో వేసుకుని, తోక ఎత్తి వంటింట్లోకి నడిచింది. గ్రేసమ్మ గోడకు అవతల నిలబడి ఇదంతా చూసింది. చూడడానికి అడ్డం లేదు.

మూడు రోజులకే పిల్లి మళ్ళీ కక్కింది. ఈసారి ధనుంజయరావు గ్రేసమ్మను పిలిపించాడు.

"ఏంది గ్రేసమ్మా, మీ పల్లెలో ఏం పెట్టావు దీనికి?"

"నా కాడ తిన్నప్పుడు బాగానే ఉందయ్యా."

"అంటే మా ఇంట్లో తింటే రోగం వస్తదనా?"

గ్రేసమ్మ తల వంచుకునే మాట్లాడింది గానీ మాట మాత్రం వంచలేదు.

"తమరింట్లో ఏముందో నాకు తెలవదయ్యా. నేను చూడలా. పిల్లి కక్కింది పచ్చగా ఉంది. అది గిన్నె చిలుమని నా అనుమానం. బంగళాలో ఒకసారి చూశాను. గిన్నెలు చూడనివ్వండి. కళాయి పూసే పీర్ సాహెబును కూడా పిలిపించండి. నా మాట నమ్మకపోయినా ఆయన మాట నమ్ముతారు గదా. తప్పయితే తమరిష్టం."

తప్పయితే ఏమవుతుందో ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

ఇక్కడ ధనుంజయరావుగారి తెలివిని మెచ్చుకోవాలి. మనిషిని లోపలికి రానివ్వకుండా గిన్నెలు చూపించడమెలాగని ఆలోచించి, వంటింటినే బయటికి మోయించాడు. పొద్దుటినుంచీ పిచ్చమ్మా ఇద్దరు పాలేళ్ళూ మోశారు. గంగాళాలు, తప్పేలాలు, బిందెలు, చెంబులు, గరిటెలు, జల్లెడ, అట్లకాడ, ఒక్క రోలు తప్ప అన్నీ పెరట్లో గోడ పక్కన బారుగా పెట్టారు. ఊరంతా చూడడానికి వచ్చింది. ఇల్లు జప్తు చేస్తున్నారని కొందరు అనుకున్నారు. గ్రేసమ్మ నాలుగు అడుగులు లోపలికి వేసి ఉంటే అయిపోయే పని అది.

ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత వేసే పీర్ సాహెబు ఉత్తచేతులతో వచ్చాడు. రెండేళ్ళుగా ఆయన కొలిమి తిత్తి అటక మీదే ఉంది.

"సాయిబన్నా, పిల్లి గిన్నె ఇది. చూడు" అన్నది గ్రేసమ్మ.

పీర్ సాహెబు ఆ ఇత్తడి గిన్నెను ఎండకు పట్టాడు. అంచు తెల్లగా మెరిసింది. లోపల అడుగున ఇత్తడి తేలి, చుట్టూ పచ్చటి వలయం కట్టి ఉంది. వేలితో గీకితే గోటికి పచ్చగా అంటింది.

"కళాయి పోయి ఏడాది దాటింది గ్రేసమ్మక్కా. తగరం యాడిది? యుద్ధం ముదిరినకాడ్నుంచి బజార్లో తునక లేదు. ఇందులో పులుసుగానీ మజ్జిగగానీ రాత్రంతా ఉందంటే విషమే."

సీతారావమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "నేనే పోసి పెట్టేదాన్ని. పొద్దున్నే లేవగానే దానికి ఆకలేస్తదని రాత్రే మజ్జిగ పోసి మూత పెట్టేదాన్ని."

"ప్రేమగానే పోశారమ్మా. గిన్నెనే చూడలా" అన్నది గ్రేసమ్మ. ఆమె గొంతులో దెప్పు లేదు.

పీర్ సాహెబు ఊరుకోక మిగతావాటిని కూడా తిరగేయడం మొదలుపెట్టాడు. ఒక పెద్ద చెంబు ఎత్తి, "ఇదీ అంతే. ఇది ఎవరిది?" అన్నాడు.

పిచ్చమ్మ దగ్గింది. పాలేళ్ళు ఆకాశం చూశారు. అది ధనుంజయరావుగారి మజ్జిగ చెంబు. నాలుగు నెలలుగా ఆయనకు కడుపులో తిప్పుతున్నది. వైద్యం చేసే ఆచారిగారి లేహ్యం తింటున్నాడు. వంకాయ మానేశాడు, తర్వాత గోంగూర మానేశాడు, పల్నాడులో పుట్టి మిరపకాయ కూడా మానేశాడు. ఆ చెంబులో మజ్జిగ మాత్రం చలవ చేస్తుందని రోజూ తాగుతున్నాడు.

గ్రేసమ్మ చెంబు వంక చూసింది, ఆయన వంక చూడలేదు. "ఈ చెంబులో మజ్జిగ పిల్లికి మటుకు పోయించకండయ్యా. దానికి పడదు."

"నాకు చెబుతన్నావా?" అన్నాడు ధనుంజయరావు.

"నేను చెప్పేది పిల్లి సంగతయ్యా."

ఆ మాటకు పీర్ సాహెబు మూతి తుండుగుడ్డలో దాచుకున్నాడు.

ఆ రోజునుంచి మజ్జిగ కుండలోకి మారింది, పులుసు రాచ్చిప్పలోకి మారింది, బొట్టమ్మకు కొత్త మూకుడు వచ్చింది. వారానికి పిల్లి గోడలెక్కింది. కృష్ణ అవతలి ప్రయాణం రద్దయింది. యోహాను ఆ రాత్రి ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాడు. ధనుంజయరావుగారి కడుపు కూడా కుదుటపడింది. ఆ ఘనత లేహ్యానిదని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు.

ఆ సంతోషంలో గ్రేసమ్మను లోపలికి పిలిచారని రాయగలిగితే బాగుండేది. పిలవలేదు. ఆమె ముందు పెట్టిన గిన్నెలను ఒకటికి రెండుసార్లు చింతపండుతో తోమి, నిప్పు చూపించి లోపలికి మోశారు. సీతారావమ్మ ఒక్కతే గోడదాకా వచ్చి, "నీ చేతి మీదుగా బతికిందే గ్రేసమ్మా" అని కళ్ళు తుడుచుకుంది. గ్రేసమ్మ ఆ మాటనే పట్టుకుని ఇంటికి వెళ్ళింది. అంతమాత్రానికే ఆమె మురిసిపోవడం చూస్తే ఒళ్ళు మండుతుంది.

చదివేవారికి చెప్పవలసింది ఇదే. యుద్ధం ముగిసినా తగరం ఇంకా సరిగా రావడం లేదు. ఈ సాయంత్రమే మీ ఇంట్లో ఇత్తడి, రాగి గిన్నెలను ఎండకు పట్టి అడుగు చూడండి. కళాయి పోయినవాటిలో పులుపు ఉంచకండి, పనికిరాని గిన్నె కదా అని దాన్ని కుక్కకూ పిల్లికీ కేటాయించకండి. తూము దగ్గర ఎవరు పడుకున్నారో చూసి గంజి వార్చండి. మీ ఊళ్ళోనూ ఒక గ్రేసమ్మ ఉంటుంది, వేరే పేరుతో ఉంటుంది. మీ ఇంట్లో మూగజీవానికి జబ్బు చేసినప్పుడు ఆమెకు కబురు పెట్టండి. ఆమె వచ్చాక గిన్నెలను పెరట్లోకి మోయకండి. తలుపు తీసి, వంటింటి దాకా మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి. అక్కడ పీట వేసి కూర్చోబెట్టి, ఆమె అడిగినవాటికి నిజం చెప్పండి.