జేజి నిలబెట్టిన జాలీ

మంగళగిరిలో మా మూడో అంతస్తు వంటింట్లో ఇవాళ పొద్దున ఎండుమిరపకాయలు వేయించాను. ఘాటు మూకుడులోంచి లేచి, నా ముక్కును ఒక్కసారి పలకరించి, గోడలో బిగించిన రాతి జాలీ రంధ్రాల్లోంచి మర్యాదగా బయటికి వెళ్లిపోయింది. అపార్ట్‌మెంటు సంఘం నోటీసులో ఈ జాలీ పేరు 'అనుమతి లేని గ్రిల్'. వారంలో తీసేయాలట.

దీన్ని చెక్కింది మా తాత. వినుకొండ దగ్గర మా ఊళ్లో, నాపరాయిలో నక్షత్రాలు తొలిచి ముందుగదికొకటి, వంటింటికొకటి పెట్టాడు. నేను పుట్టేసరికి ఆయన లేడు. ఆ రెంటికీ కాపలాగా మా నాన్నమ్మ ఉండేది. ఆమెను జేజి అనేవాళ్లం.

చలికాలం పొద్దుల్లో ఎండ ఆ రంధ్రాల్లోంచి దిగి గచ్చు మీద నక్షత్రాలు పరిస్తే వాటి మీదే తొక్కుడుబిళ్ల ఆడేదాన్ని. చివరి నక్షత్రం బియ్యం డబ్బాను తాకిందంటే బడికి ఆలస్యమైనట్టే. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో ఊరంతా తుమ్ముతున్నా మా ముందుగదిలో గాలి ఆడుతూనే ఉండేది. పీర్లు వీధిలోకి వచ్చినప్పుడు జేజీ, ఆమె స్నేహితురాళ్లూ పానకం గ్లాసులు పట్టుకుని జాలీ వెనక చేరి, తాము ఎవరికీ కనబడకుండా అందరినీ చూసేవాళ్లు.

ఏడో తరగతిలో 'మా ఇల్లు' వ్యాసంలో జాలీ అని రాస్తే, మాస్టారు ఎర్రసిరాతో కొట్టేసి 'గవాక్షం' అని దిద్దారు. ఆ మాట తెచ్చి జేజికి అప్పజెప్పాను.

"మీ మాస్టారుగారింట్లో ఉందా అది?"

"లేదు, అద్దాల కిటికీ."

"మరి లేనిదానికి పేరెందుకంట ఆయనకి? జాలీ అంటే గాలి లోపలికి రావాలి, వీధోళ్ల కళ్లు బయటే ఉండాలి. అంతే. రాసుకో."

రాసుకోలేదు. నిజం చెప్పొద్దూ, అప్పట్లో నాకూ అద్దాలే ఇష్టం. ఆ వేసవిలో జేజి చెల్లెలింటికి వెళ్లినప్పుడు, మస్తాన్ బాబాయి తన పెళ్లికి ఇల్లు కొత్తగా కనబడాలని వంటింటి జాలీని పగలగొట్టించి అల్యూమినియం కిటికీ పెట్టిస్తుంటే, చప్పట్లు కొట్టిన ఏకైక ప్రేక్షకురాలిని నేనే.

జేజి తిరిగొచ్చి ముక్కలు చూసింది. మర్నాడు ముందుగది జాలీ కూడా తీయడానికి కిటికీ మనిషి టేపు పట్టుకుని వస్తే, "ముందు టీ తాగు నాయనా" అంటూ వంటింట్లో పీట వేసి, బాబాయినీ నన్నూ పక్కనే కూర్చోబెట్టి, మూకుడులో రెండు గుప్పిళ్ల ఎండుమిరపకాయలు పోసింది.

"ఏంటమ్మా ఇది! ఒసేయ్, ఆ కిటికీ తియ్యవే!" అని నా మీద అరిచాడు బాబాయి.

తీశాను. అది ఒకపక్క తెరిస్తే రెండోపక్క మూసుకునే రకం. దగ్గుకుంటూ ముగ్గురం ముందుగదిలోకి పరిగెత్తి జాలీకి ముక్కులు ఆనించాం, తలా ఒక నక్షత్రం.

వెనకాలే జేజి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఒరేయ్ మస్తానూ, వచ్చే పిల్ల వంట చెయ్యాలా, ఏడుస్తా కూచోవాలా? నువ్వు చెప్పు నాయనా, కొలుస్తావా?"

"నా వల్ల కాదమ్మా. దీన్నుండనీండి" అని కిటికీ మనిషి కళ్లు తుడుచుకుని, టేపు జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు జేజి లేదు. ఇల్లు రోడ్డులో కలిసిపోయింది. మా ఊళ్లో రాయి చెక్కేవాళ్లెవరూ మిగల్లేదు. జాలీ కావాలంటే దుకాణంలో ప్లాస్టిక్ రేకు చూపిస్తారు. ఇల్లు కూల్చేముందు ఈ ముందుగది జాలీని ఊడదీయించి, జేజి పాత చీరల్లో చుట్టి, ట్రాలీ ఆటోలో పక్కనే కూర్చుని తెచ్చుకున్నాను. ఒకసారి చప్పట్లు కొట్టినదాన్ని. మళ్లీ ఆ నాపరాయి నాకు పరాయి కాకూడదు.

నోటీసులో 'గ్రిల్' కొట్టేసి, ఎర్రసిరాతో 'జాలీ' అని దిద్దాను. తీయాలో వద్దో తేల్చే మీటింగు ఆదివారం సెక్రటరీగారి వంటింట్లోనే పెట్టుకుందామని, ఆయనకు అద్దాల కిటికీ ఉంది గనక టీ అక్కడ నేనే కాస్తానని కింద రాసి పంపాను. రెండు గుప్పిళ్ల మిరపకాయలు తొడిమలు తీసి పక్కన పెట్టుకున్నాను.