చావడి దాటని సిగ్నల్

మా ముత్తాత ఊరికి మునసబు. తాతగారు పత్తి మిల్లు పెట్టారు. గుంటూరు పత్తి కొట్లలో ఆయన అడుగు పెడితే గుమాస్తాలు లేచి నిలబడేవారు. నాన్నగారి కాలానికి మునసబుగిరీ పోయింది. నా చేతుల్లో మిల్లు మూతబడింది. ఇల్లొక్కటే మిగిలింది.

ఆ ఇంటికి మూరన్నర మందం సున్నపు గోడలు. ముందు చావడి, వెనక గదులు. చావడి మగవాళ్లది. కోడళ్లు ఆ గడప దాటి కూర్చోవడం మా ఇంట్లో లేదు. అమ్మ గుడికి కూడా పెరటి దారినే వెళ్లేది. నాన్నగారు పోయి ఇంటికి తానే పెద్దదైనా ఆ పద్ధతి మార్చుకోలేదు.

ఫోను తీగ చావడి వరకే ఉండేది కాబట్టి ఇంటర్నెట్టూ అక్కడికే వచ్చింది. లాప్‌టాప్ పట్టుకుని గడప లోపలికి వస్తే సిగ్నల్ చచ్చిపోయేది.

సెల్‌ఫోన్లలో వీడియో ఇంకా రాని రోజులవి. ఆ ఏడు మా మేనమామ హైదరాబాదు ఆసుపత్రిలో చేరాడు. అమ్మకు ఆయనొక్కడే తమ్ముడు. మోకాళ్లు పట్టేసి ఆమె ప్రయాణం చేసే స్థితిలో లేదు. మామయ్య కొడుకు అక్కణ్ణుంచి కంప్యూటర్‌లో వీడియో కాల్ పెట్టాడు. చావడిలో నా ఎదుట తెర మీద మామయ్య కనిపించాడు. గొంతు సన్నగా ఉంది.

"అక్క ఏదిరా?"

నేను లోపలికి వెళ్లి అమ్మను పిలిచాను.

"చావడిలోకా? మీ తాత, నాన్న కూర్చున్న చోట నేను కూర్చోనా? వాణ్ణే ఇటు తీసుకురా."

నాకూ అదే సబబనిపించింది. చావడికి తిరిగొచ్చి, రేపు అమ్మను తన గదిలోంచే మాట్లాడిస్తానన్నాను.

"అత్తయ్య గడప దాటాలంటే వీసా కావాలేంటి బావా?" అన్నాడు మామయ్య కొడుకు. మామయ్య నవ్వబోయి దగ్గాడు.

మూతబడ్డ మిల్లు ఆఫీసులో ఒక రౌటర్ ఊరికే పడి ఉంది. దాన్ని తెచ్చి దుమ్ము తుడిచాను. లాప్‌టాప్‌కు తీగ గుచ్చే చోటు విరిగిపోవడంతో ఈ రెండో పెట్టె తప్పనిసరైంది. చావడి రౌటర్ నుంచి తీగ లాగి, గోడ పైనున్న వెంటిలేటర్ కన్నం గుండా దించి, అమ్మ మంచం పక్కన దీన్ని పెట్టాను. దీపాలు వెలిగాయి గాని నెట్ రాలేదు. మర్నాడంతా తీగలు పీకి పెడుతూనే ఉన్నాను. అమ్మ తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది.

"మీ పెట్టెలు కూడా మీలాగే ఉన్నాయిరా, ఒకదాని మాట ఒకటి వినదు," అంది.

తప్పు చివరికి దొరికింది. రెండు రౌటర్లకూ ఒకే ఐపీ చిరునామా ఉంది. పైగా ఇంట్లోని కంప్యూటర్లకు చిరునామాలు పంచే పని రెండూ చేస్తున్నాయి. మిల్లు రౌటర్‌కు వేరే చిరునామా ఇచ్చి, పంచే పని మాన్పించాను. ఆ మరుసటి పొద్దున అమ్మ గదిలో సిగ్నల్ నిండుగా వచ్చింది.

తెర మీద మామయ్య నోటికి గొట్టం ఉంది.

"ఏరా తమ్ముడూ, నేనురా అక్కని. ఇటు చూడు. కాస్త ఏమన్నా తాగావా?"

ఆయన కళ్లు తెరవలేదు.

"రాత్రి నుంచి మాట లేదత్తయ్యా. మొన్న నీకోసమే అడిగాడు," అన్నాడు కొడుకు.

అమ్మ తెరను చీర చెంగుతో తుడిచింది. మామయ్య ఆ సాయంత్రమే పోయాడు.

అమ్మ పోయిన మరుసటి ఏడు ఇల్లు పడగొట్టించాం. చావడి ద్వారబంధాన్ని టేకు గడపతో సహా చీరాల నుంచి వచ్చిన పాత కలప వ్యాపారికి అమ్మాం.