'నాట్' లేని నోట్సు

ఆ రోజుల్లో మా వైపు ఇంగ్లీషు పుస్తకం చదవడం వేరు, చంకలో పెట్టుకుని నడవడం వేరు అని ఎవరికీ పెద్దగా తెలియదు. మొదటిది చేసినవాడికి ఎంత మర్యాదో, రెండోది చేసినవాడికీ అంతే. పెనుకొండలో తెలుగు మీడియంలో ఎస్సెల్సీ గట్టెక్కి, పీయూసీ చదవడానికి హిందూపురం చేరిన నేను ఆ మర్యాదను కొన్ని నెలలపాటు తేరగా అనుభవించాను. మా నాయన వేరుశనగ పండించే రైతు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నేను అర్థశాస్త్రం పుస్తకాన్ని అట్ట బయటికి కనబడేలా పట్టుకుని రైలు దిగేవాణ్ణి. (ఒకసారి తలకిందులుగా పట్టుకుని దిగాను. ఎవరూ గమనించలేదు. నేనూ ఇంటికి వెళ్లాకే చూసుకున్నాను.)

హిందూపురంలో బెల్లం మండీల వెనక ఒక గదిలో ఇద్దరం ఉండేవాళ్లం. రెండోవాడు ధర్మవరంలో పట్టుచీరల కొట్టు ఉన్న షావుకారు కొడుకు. మేమందరం వాణ్ణి 'జరీ' అని పిలిచేవాళ్లం. మంచివాడు. ఇంగ్లీషంటే మాత్రం వాడికి చలిజ్వరం వచ్చేది. వాళ్ల నాయన కాలేజీలో చేర్పించేటప్పుడే ఒక షరతు పెట్టాడట: అర్ధ సంవత్సర పరీక్షలో తప్పితే చదువు మాని, వచ్చి కొట్లో కూర్చోవాలి. జరీకేమో కాలేజీ వదలడం ఇష్టం లేదు. చదువు మీద ప్రేమకన్నా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడవాళ్ల ముందు చీరలు విప్పి మడవాలంటే వాడికి భయం ఎక్కువ.

మాకు అర్థశాస్త్రం చెప్పే లెక్చరరు కోస్తా వైపు నుంచి వచ్చిన కుర్రాయన. ఒకరోజు ఆయన, "పుస్తకం ఊరికే చదివితే లాభం లేదయ్యా, చదువుతూ నోట్సు రాసుకోండి. వాక్యాలకు వాక్యాలు దించకండి. చిన్నచిన్న మాటలు వదిలేసి ముఖ్యమైనవి పట్టుకోండి" అన్నారు. మిగతావాళ్లు ఆ మాట విని మరిచిపోయారు. నేను మరవలేదు. అక్కడే వచ్చింది చిక్కు. చిన్న మాట అంటే ఏది, ముఖ్యమైన మాట అంటే ఏది అన్న సందేహం నాకు రాకపోలేదు. ఆయన్ను అడిగితే పల్లెటూరివాణ్ణని నవ్వుతారేమోనని నాకు నేనే ఒక సూత్రం కట్టుకున్నాను: మూడక్షరాలు, అంతకన్నా తక్కువ ఉన్న ఇంగ్లీషు మాట ఏదైనా సరే, నోట్సులోకి రాకూడదు. అర్థంతో పని లేదు, అక్షరాలు లెక్కపెడితే చాలు. ఎంత సుఖంగా ఉండిందో చెప్పలేను. పాఠానికి పాఠం ఒక్క పేజీలో ఇమిడిపోయేది. 'ది' పోయింది, 'ఆఫ్' పోయింది, 'ఇఫ్' పోయింది, 'బట్' పోయింది. వాటితోపాటే పాపం 'నాట్' కూడా పోయింది.

నా నోట్సు ఖ్యాతి కాలేజీ అంతా పాకింది. అంత లావు పుస్తకాన్ని అంత సన్నం చేసినవాడు అంతకు ముందు లేడు మరి. సాయంత్రమైతే మా గదిలో కూర్చుని క్లాసులో సగం మంది నా నోట్సు ఎత్తిరాసుకునేవాళ్లు. నేను చాప మీద పడుకుని, "అండర్‌లైన్ చేసిన కాడ జాగ్రత్తగా రాసుకోండబ్బా" అని హెచ్చరికలు చేసేవాణ్ణి. జరీ అయితే ఏకంగా కంఠస్థం పట్టేశాడు. ఒకసారి మాత్రం తల ఎత్తి, "ఒరేయ్, నోట్లు ఎక్కువ అచ్చేస్తే దేశం బాగుపడతాదంట. ఇంత సులువైతే మనోళ్లు ఇంకా ఎందుకు అచ్చేయలేదురా?" అని అడిగాడు. "ఇంగ్లీషు పుస్తకంలో ఉండాది. నీకన్నా వాళ్లకు తెలీదా?" అన్నాను. వాడు క్షమించమన్నట్టు చూసి మళ్లీ వల్లె వేసుకున్నాడు.

పరీక్షకు ముందు వాళ్ల నాయన ఏదో బేరం మీద హిందూపురం వచ్చి మా గదికి కూడా వచ్చాడు. కొడుకు రాగం తీసి ఇంగ్లీషు చదవడం గడపలో నిలబడి విన్నాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. సంచిలోంచి జరీ అంచు పట్టు ఉత్తరీయం ఒకటి తీసి నా భుజాన వేసి, "ఏమప్పా, మావాని చదువు నీ చేతిలో ఉండాది. నీ మేలు మరిచిపోము" అన్నాడు. నేను వద్దనలేదు. పైగా ఆ వారమే దాన్ని వేసుకుని పెనుకొండ వెళ్లాను. మా అవ్వ చూసి, "ఏమిరా, పెండ్లిచూపులకు గాని పోయొస్తాండావా?" అంది. "కాదవ్వా, చదువుకు సన్మానం" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఎవరూ చూడకుండా తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

పరీక్షలయ్యాయి. లెక్చరరుగారు దిద్దిన పేపర్ల కట్టతో క్లాసుకు వచ్చి, కుర్చీలో కూర్చోకుండా బల్లకు ఆనుకుని నిలబడ్డారు. "ఈ క్లాసులో సగం మంది కలిసి ఒక కొత్త అర్థశాస్త్రం కనిపెట్టారు" అని పైపేపరు తీశారు. "మానవుడి కోరికలకు హద్దు ఉంది. పన్ను అనేది ప్రభుత్వానికి మనం ఇచ్చే కానుక. నోట్లు ఎక్కువ అచ్చు వేస్తే దేశం ధనిక దేశమవుతుంది." ఆగి మా వైపు చూశారు. "ఒకరిద్దరైతే పొరపాటు అనుకుందును. ఇంతమందికి ఒకే జ్ఞానం ఎక్కడి నుంచి వచ్చిందయ్యా?"

ఎవరూ నా పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనే లేకపోయింది. అందరి తలలూ ఒకేసారి నా వైపు తిరిగాయి. ఆయన నన్ను లేపి, పుస్తకం తీసి ఆ నోట్ల వాక్యం పైకి చదవమన్నారు. చదివాను. 'డజ్' దగ్గరికి వచ్చి, దాని పక్కన తాపీగా కూర్చుని ఉన్న 'నాట్'ను చూశాను. అక్కడే ఆగిపోయాను. "చదవవయ్యా, ఆగావేం?" అన్నారు. "నాట్" అన్నాను. క్లాసు ఘొల్లుమంది. నాకు చెవులు కాలిపోయాయి. అందరూ నవ్వుతున్నారు, ఒక్క జరీ తప్ప. వాడు తన పేపరు మీద మార్కుల వైపే చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది, ఇది నా పరువు ఒక్కదానితో పోయేది కాదని.

రెండు రోజులకే ధర్మవరం నుంచి కబురు: పెట్టె సర్దుకుని రమ్మని. జరీ నన్నొక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వాడితోపాటు నేనూ రైలెక్కాను, ఉత్తరీయం మడిచి కాగితంలో చుట్టుకుని. పెనుకొండ స్టేషన్లో బండి ఆగినంతసేపూ, మా వాళ్లెవరైనా చూస్తారేమోనని బెంచీ కింద పోయిన చెప్పు వెతుకుతున్నట్టు నటించాను. (చెప్పులు రెండూ కాళ్లకే ఉన్నాయి. ఎదుటి సీటులో ఒక ముసలాయన నాతోపాటు వంగి వెతకసాగాడు. ఆయనకు ఏం చెప్పాలో తెలియక ఇద్దరం చాలాసేపు వెతికాం.)

కొట్లో జరీ వాళ్ల నాయన ఎవరికో చీరలు చూపిస్తున్నాడు. వాళ్లు వెళ్లేదాకా మమ్మల్ని నిలబెట్టే ఉంచాడు. తర్వాత, "ఏమప్పా, ఏమైంది?" అన్నాడు.

"తప్పు మీవాంది కాదు పెద్దనాయనా. నేనే 'కాదు' అన్న మాటలన్నీ తీసేసి రాస్తిని."

"తీసేస్తే?"

"కాదన్నవన్నీ అవునైపాయ."

ఆయన ముందు పరిచి ఉన్న చీరను మడతలు పెట్టాడు. "బజారంతా చెప్పుకుంటినప్పా," అన్నాడు చివరికి. "మావానికి పెనుకొండ పిల్లోడు తోడు ఉండాడు, వానికేం భయం లేదు అని." ఆయన గొంతులో కోపం లేదు, సిగ్గు ఉంది. నా వల్ల ఆయన సిగ్గుపడుతున్నాడు. నేను కాగితం పొట్లం ముందుకు చాపాను. "ఇచ్చింది వెనక్కి తీసుకునేది మా ఇంట్లో లేదు" అని తోసేసి, "ఇప్పుడన్నా ఎట్ల రాయల్లో తెలుసునా నీకు?" అని అడిగాడు.

"తెలీదు."

"తెలిసినాయన్ను అడుగు మరి. అడిగేదానికి సిగ్గైతే ఎట్లప్పా? పెద్ద పరీక్ష దాకా చూస్తా. అప్పుడు గాని తప్పినాడంటే ఇద్దరూ వచ్చి కొట్లో కూచోండి." కొట్టు వెనకే ఉన్న ఇంట్లోంచి జరీ వాళ్లమ్మ మా ఇద్దరికీ ఓళిగలు, అదే బొబ్బట్లు, తెచ్చి పెట్టింది. అంత మంచి ఓళిగను నేను సగం తిని, మిగతాది జరీ వైపు తోశాను.

హిందూపురం తిరిగి రాగానే లెక్చరరుగారి ఇంటికి వెళ్లాను. ఆయన నవ్వలేదు. "ఒక పేరా చదువు. పుస్తకం మూసెయ్. నీకు అర్థమైంది పక్కవాడికి తెలుగులో చెప్పు. వాడు ఒప్పుకుంటే అప్పుడు రెండు ముక్కలు నీ సొంత ఇంగ్లీషులో రాసుకో. అర్థం కానిచోట మార్జిన్లో ప్రశ్న గుర్తు పెట్టి, వచ్చి నన్నడుగు" అన్నారు. అంతే. ముందే అడిగి ఉంటే ఇంత భాగవతం జరిగేది కాదు. ఆ రోజు నుంచి నేను చదివి చెప్పేవాణ్ణి, జరీ ఒప్పుకునేవాడు కాదు. నా మీద నమ్మకం పోయింది కదా, ప్రతిదానికీ "యాడుంది? చూపించు" అనేవాడు. చూపించబోతే సగం సార్లు అక్కడ ఉండేది కాదు. కొన్నాళ్లకు వాడే చదివి నాకు చెప్పడం మొదలుపెట్టాడు.

ఏడాది చివర ఇద్దరం పాసయ్యాం. అర్థశాస్త్రంలో జరీకి నాకన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ సంగతి చెప్పడానికి ధర్మవరం వెళ్తే, వాళ్ల నాయన సంతోషంగా నా వైపు తిరిగి, "ఈ తూరి నోట్సు బాగా రాసినట్టుండావే!" అన్నాడు. జరీ ఏమీ మాట్లాడలేదు, నన్ను కాపాడదామనే. నేనే తల వంచుకుని, "ఈ తూరి రాసింది మీవాడు పెద్దనాయనా, నేను ఎత్తిరాసుకుంటిని" అన్నాను. చెవులు మళ్లీ కాలాయి. ఆ పెద్దమనిషి కొడుకు వైపు చూసిన చూపు మాత్రం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆ కొట్టు మధ్యలో, పరిచిన చీరల ముందు, ఎక్కడ చూడాలో తెలియక తన కాలివేళ్లు చూసుకుంటూ నిలబడిన ఆ పెనుకొండ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు సిగ్గూ వస్తుంది, నవ్వూ వస్తుంది. దగ్గరికి వెళ్లి, 'తల ఎత్తరా అబ్బీ, ఫరవాలేదులే' అనాలనిపిస్తుంది.