దొరను తిట్టిన బి.ఏ.

మేము బి.ఏ.లు ప్యాసయిన రోజుల్లో ఆ రెండక్షరాలకూ ఉన్న మర్యాద ఇంతా అంతా కాదు. గుడియాత్తం నేతగాళ్ళ వీధిలో నేను నడిచిపోతుంటే తిన్నెల మీద ముసలివాళ్ళు కాస్త జరిగి చోటిచ్చేవాళ్ళు. ఆ చోట్లో కూర్చుని ఏం చేయాలో మాత్రం నాకు మద్రాసు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. నేను చదివింది తత్వశాస్త్రం. ఈ ప్రపంచం నిజంగా ఉందా, లేక ఉందని మనం అనుకుంటున్నామా అనే విషయం మీద ఎంతసేపైనా మాట్లాడగలను గానీ, ఆ ప్రపంచంలో ఒక ఉద్యోగం ఎలా సంపాదించాలంటే నోరు వెళ్ళబెట్టేవాణ్ణి. మా నాయన కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఒక పొద్దున పిలిచి తేల్చి చెప్పేశాడు. "ఇదో చూడప్పా, ఉగాది లోపల యాడన్నా ఒక కుర్చీ చూసుకో. లేదంటే మీ అన్న పక్కన మగ్గం గుంటలోకి దిగు. ప్రపంచం ఉండాదా లేదా అనేది కాళ్ళకు పని తగిల్తే అదే తెలిసిపోతాది." మా అన్న తలెత్తలేదు. నన్ను చదివించడం కోసం తన చదువు మానుకుని పసితనంలోనే, నేతగాడు కాళ్ళు దించి కూర్చునే ఆ గుంటలోకి దిగినవాడాయన. నేనూ అందులోకే దిగితే ఆయన దిగినదానికి అర్థం లేకుండా పోతుంది. ఆ మాట మేమిద్దరం పైకి అనుకోలేదు గానీ ఇద్దరికీ తెలుసు.

నాబోటి ఆర్ట్సు పట్టభద్రులను ఉద్యోగాలకు తయారుచేసే పుణ్యాత్ముడు వేలూరులో ఒకాయన ఉండేవాడు. కలెక్టరు కచేరీలో శిరస్తాదారుగా, అంటే గుమాస్తాలందరికీ పెద్దగా, చేసి పింఛను పుచ్చుకున్న పెద్దమనిషి. అందరం శిరస్తా తాత అనేవాళ్ళం. ఆదివారం ఆదివారం నేను రైలెక్కి, కాట్పాడిలో దిగి, జట్కాలో వేలూరు చేరేసరికి ఆయన తిన్నె మీద చరిత్ర, సంస్కృతం, తర్కం చదివిన బి.ఏ.లు వరసగా కూర్చుని తలపాగాలు చుట్టడం అభ్యాసం చేస్తుండేవాళ్ళు. "కాలేజీలో మీకు తలకాయ నింపినారు నాయనా, శానా మంచిది. కచేరీకి కావాల్సింది మెడకాయ. యాడ వంచల్ల, ఎంత వంచల్ల, మళ్ళా ఎప్పుడెత్తల్ల, అదీ చదువు," అనేవాడు తాత. చెప్పులు ఎక్కడ విడవాలి, దొర ముందు తుమ్మొస్తే ఏం చేయాలి (మింగాలి), ఏమీ తెలియనప్పుడు అన్నీ తెలిసినట్టు ఎలా నిలబడాలి, అన్నీ నేర్పి, ఆ తర్వాత తానే దొరై కుర్చీలో కూర్చుని ఇంగ్లీషులో ప్రశ్నలు వేసేవాడు. వచ్చిన చిక్కల్లా తాతకు చెవుడు. తక్కినవాళ్ళు వినయంగా గొణుగుతుంటే విసుక్కునేవాడు. నా వంతు రాగానే ఆయన ముఖం విప్పారేది. "గుడియాత్తం పిల్లోడొకడే స్పష్టంగా మాట్లాడతాడు. వీనికి ఉద్యోగం వచ్చేసినట్టే!"

నా స్పష్టత అంతా మా ఇంటి చలవ. మా ఇంట్లో మూడు మగ్గాలు. పొద్దున మొదలైన చప్పుడు దీపాలు పెట్టేదాకా ఆగదు. ఉప్పు కావాలన్నా అరవాలి, ముద్దు మాట ఒకటి చెప్పాలన్నా అరవాలి. మా వీధిలో పుట్టినవాళ్ళకు అది అరుపని కూడా తెలియదు. తాత ఇచ్చిన ప్రశ్నలూ జవాబులూ నేను మా అన్న మగ్గం ముందు నిలబడి వల్లె వేసేవాణ్ణి. అక్కడ మా అన్నే దొర. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా, నేసేది నేస్తూనే మధ్యమధ్య "ఎస్?" అని గంభీరంగా అనేవాడు. నా గొంతు కాస్త తగ్గిందో, "వినబడలేదురా! దొరంటే పెద్ద గదిలో యాడో ఆ కొసన ఉంటాడు. గట్టిగా చెప్పు!" అని కేకేసేవాడు. నేను ఇంకా గట్టిగా చెప్పేవాణ్ణి.

చివరికి వేలూరు కచేరీ నుంచి గుమాస్తా పనికి పిలుపు వచ్చింది. కలెక్టరు దొర సన్నగా, మెత్తగా, గాలికి ఎగిరిపోయేలా ఉన్నాడు. గదిలో ఎంత నిశ్శబ్దమంటే పంకా తాడు కిర్రుమనడం వినిపిస్తోంది. బల్ల కింద ఆయన కుక్క నిద్రపోతోంది. నేను మెడ వంచాల్సినంత వంచి, ఎత్తాల్సినప్పుడు ఎత్తి, "గుడ్ మార్నింగ్, యువర్ ఆనర్!" అన్నాను. కుక్క దిగ్గున లేచి బల్లకు తల కొట్టుకుంది. బయట తాడు లాగేవాడు అదిరిపడ్డట్టున్నాడు, పంకా ఆగిపోయింది. బంట్రోతు తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తుకొచ్చాడు. దొర వాణ్ణి వెళ్ళమని చేతితోనే సైగ చేసి, నేనేం చదివానో అడిగాడు. "ఫిలాసఫీ!" అన్నాను. ఆ నిశ్శబ్దం నాకు కొత్త. నాకు భయం వేసింది; భయం వేసినకొద్దీ గొంతు పెరిగింది. రెవెన్యూ పనిలో ఫిలాసఫీ ఎందుకని అడిగితే, తాత రాయించిన జవాబంతా, చక్రవర్తి మీది విధేయతతో సహా, ఏకబిగిన వినిపించాను. అంతా అయ్యాక దొర, "నువ్వు ఎప్పుడూ ఇలాగే మాట్లాడతావా?" అని అడిగాడు. "ఎస్, యువర్ ఆనర్!" అని ఉన్న నిజం చెప్పాను. ఆయన కాగితం మీద ఏదో గీకి, ఇక వెళ్ళమన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

బయటికి వస్తే, వరండాలో అర్జీలు పట్టుకుని కూర్చున్న జనమంతా లేచి నాకు దండాలు పెట్టారు. ఎందుకో అర్థం కాలేదు. సాయంకాలం గుడియాత్తం స్టేషనులో దిగగానే అర్థమైంది. ఆ వరండాలో మా పక్కూరు పరదరామి రైతు ఒకాయన ఉన్నాడట. ఆయన నాకంటే ముందు రైలుకే వచ్చి, దారి పొడుగునా చెప్పుకుంటూ పోయాడు. మా వీధి కుర్రాళ్ళు పూలదండతో ఎదురొచ్చారు. "దొరని నిలబెట్టి తిట్టినావంటనే అన్నా! ఇంగిలీషులోనే!" (అప్పుడప్పుడే స్వరాజ్యం మాట వీధుల్లోకి వస్తున్న రోజులు.) నేను తిట్టలేదని, బతిమాలుకున్నానని ఎంత మొత్తుకున్నా ఒక్కడూ నమ్మలేదు. అంత గొప్ప పని చేసి ఎంత అణకువో చూడండని ఇంకో దండ వేశారు. ఇంట్లో మా నాయన మగ్గం ఆపేసి, తల పట్టుకుని కూర్చున్నాడు. "అయ్యో కడవుళే, దేవుడా! గుంటలోకి దిగాలని ఉంటే ఊరికే దిగొచ్చు గదరా! దొరని తిట్టే దిగాల్నా?" మా అన్న మాత్రం, "తిట్టుండడు నాయనా. వీడు మామూలుగా మాట్లాడేది అట్లనే గదా," అన్నాడు. ఆ రాత్రి అన్న ముఖంలోకి చూడలేకపోయాను.

ఉగాది ఇంకా రాకముందే ఆర్డరు వచ్చింది. తాలూకాల్లో సారాయి అంగళ్ళ వేలం జరిగేటప్పుడు, షరతులన్నీ తెలుగులోనూ అరవంలోనూ చివరి వరసకు వినబడేలా చదివే గుమాస్తా కావాలట. దొరకు నేను తప్ప ఇంకెవరూ తోచలేదట. మా నాయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "బి.ఏ. చదివి సారాయి అంగళ్ళ పేర్లు అరస్తాడా?" అన్నాడు. మా అన్న ఒక్కటే అడిగాడు. "కుర్చీ ఇస్తారా?" ఇస్తారన్నాను. "అయితే ఇంకేం," అని మళ్ళీ నేతలో పడ్డాడు. వీధి మాత్రం తన మాట మీదే నిలబడింది: తిట్టేసరికి దొర దడుచుకుని ఉద్యోగం ఇచ్చాడని. ఆ మరుసటేడు ప్యాసయిన బి.ఏ.లు నా దగ్గరికొచ్చి, దొరని ఏయే మాటలతో తిట్టాలో నేర్పమని కూర్చున్నారు. శిరస్తా తాత దగ్గరికి పొమ్మంటే, రహస్యం దాచుకుంటున్నానని నొచ్చుకున్నారు.

ఉద్యోగంలో చేరడానికి బయలుదేరిన రోజు మా అన్న పెట్టె పట్టుకుని స్టేషనుదాకా వచ్చాడు. రైలు ఇంకా రాలేదు. జనం పెద్దగా లేరు, చప్పుడు లేదు. పెట్టె కింద పెట్టి, "పండగలకి రారా. వచ్చినప్పుడు ఇంట్లో కూర్చో, తిను, పండుకో. గుంటలోకి మటుకు దిగబాక," అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే, నేను వంగి వినవలసి వచ్చింది. మా అన్నది అంత మెత్తటి గొంతని నాకు అంతవరకూ తెలియదు. నాకు కళ్ళు నిండాయి. ఆయనలాగే మెల్లగా ఏదో చెబుదామని నోరు తెరిచాను. "సరే అన్నా!" అన్నాను. ప్లాట్‌ఫారం మీదున్న నలుగురూ ఉలిక్కిపడి తిరిగి చూశారు. తలపాగా చుట్టుకుని, కళ్ళలో నీళ్ళతో, అంత ప్రేమనూ కేకేసి చెబుతున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పుడు నవ్వొస్తుంది. మెల్లగా మాట్లాడడం తర్వాత కచేరీ గదుల్లో సర్కారు నేర్పింది. అప్పటికి అన్న లేడు.