బాగుందని చెప్పిన పన్ను

మైపాడు తీరం నుంచి తెచ్చిన పీత కాలు కొరుకుతుంటే ముందుపన్ను విరిగిందని మా బుచ్చిరెడ్డిపాలెంలో అందరికీ చెప్పుకున్నాను. పీతా లేదు, పాడూ లేదు. ఇడ్లీ తింటుంటే విరిగింది. లోపల ఎప్పుడో పుచ్చిపోయి ఉంది. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటున్నా పట్టించుకోలేదు.

మా వీధి చివర కొత్తగా క్లినిక్ పెట్టిన డాక్టరమ్మ ఎక్స్‌రే తీసింది. రూట్ కెనాల్ చేసి, పైన క్రౌన్, అంటే పంటికి తొడుగు, వేయాలంది. పళ్ల రంగుల నమూనాలు నా పళ్ల పక్కన పెట్టి చూసి షేడ్ రాసుకుంది. ల్యాబు నుంచి క్రౌన్ వచ్చాక ఊరికే తొడిగి, అద్దం చేతికిచ్చింది.

"నచ్చిందా తాతయ్యా? నచ్చకపోతే ఇప్పుడే చెప్పండి. సిమెంట్ పెట్టినాక తీయాలంటే కోయాల్సిందే."

సున్నం కొట్టినట్టుంది. ఆ పిల్ల ముఖం చూస్తే ఆ మాట అనడానికి నోరు రాలేదు. "బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాను. అతికించేసింది.

ఆమె ముందు అనలేనిది టీ అంగట్లో అన్నాను. "నేను నవ్వితే కొడవలూరు దాకా కనపడతాది" అంటే అందరూ నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వేకొద్దీ ఇంకా కలిపాను. చిగురు కూడా పాడుచేసిందన్నాను. అది శుద్ధ అబద్ధం.

రోజూ నా పక్కన కూర్చునే టైలర్ మస్తాన్‌కు అప్పటికే దవడపన్ను నొప్పి.

"ఆమె దగ్గరికే పోదామనుకున్నా గదన్నా. నువ్విట్టంటే ఇంకెట్టా పొయ్యేది?" అని లవంగం పెట్టుకుని కాలం గడిపాడు.

చివరికి చెంప ఉబ్బి, కన్ను మూసుకుపోయి నెల్లూరు ఆసుపత్రిలో చేరాడు. "ఇన్ఫెక్షన్ పాకింది. ముందే వచ్చుంటే రూట్ కెనాల్‌తో పన్ను నిలిచేది" అన్నారట అక్కడి డాక్టరు. పన్ను పీకేశారు.

అతన్ని చూసొచ్చి తిన్నగా క్లినిక్‌కు పోయి అంతా చెప్పాను. డాక్టరమ్మ లైటు వేసి ఆ పన్ను మళ్లీ చూసింది.

"ఆ రంగు నాకూ నచ్చలేదు తాతయ్యా. ల్యాబుకు తిప్పి పంపుదామనే అనుకున్నా. మీరు బ్రహ్మాండంగా ఉందన్నారని ఊరుకున్నా. అది నా తప్పే. చిగురు మాత్రం నేనేం చేసినాను?"

"నవ్వుల కోసం కలిపానమ్మా" అన్నాను.

పాత క్రౌన్ కోసి తీసి కొత్తది చేయించింది. ఈసారి వాకిట్లో నిలబడి, పగటి వెలుతురులో ఇద్దరం చూసుకుని, ఇద్దరికీ నచ్చాకే అతికించింది. ఇప్పుడు ఏది పెట్టుడు పన్నో మా ఆవిడే పట్టుకోలేకపోతోంది. టీ అంగట్లో నిజం కూడా చెప్పాను. దానికెవరూ నవ్వలేదు, పోయి ఇంకొకరికి చెప్పనూ లేదు. మస్తాన్ ఒక పక్కనే నములుతున్నాడు. ఇప్పటికీ వచ్చి నా దగ్గరే కూర్చుంటాడు.

క్రౌన్ వేయించుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. సిమెంట్ పెట్టకముందే పగటి వెలుతురులో రంగు చూసుకోండి. నచ్చకపోతే ఆ కుర్చీ దిగకముందే డాక్టరుకు చెప్పండి. టీ అంగట్లో వద్దు, అక్కడ పంటినొప్పితో ఎవరో ఒకరు కూర్చుని వింటూ ఉంటారు.